మూతికి ముంత కట్టిన దేశంలో మట్టి హాబీ

సూరత్‌లో ఒక కొత్త రకం మనిషి తయారయ్యాడు. వారానికి నాలుగు రోజులు తెల్లారకముందే లేచి డుమాస్ రోడ్డు మీద పరుగెత్తుతాడు. మారథాన్‌కి ఇంకా పదహారు వారాలుందనగా పట్టిక గీసుకుంటాడు, చేతికి జీపీఎస్ వాచీ కట్టుకుంటాడు, రెండు జతల బూట్లు కొంటాడు. ఆదివారం లాంగ్ రన్ ముగిశాక, సాయంత్రం వేసు వైపు ఏదో స్టూడియోలో కరెంటు సారె ముందు కూర్చుంటాడు. రెండు గంటల్లో ఒక వంకర కప్పు తయారవుతుంది. ఫొటో తీసి పెడతాడు. మట్టి నన్ను నేల మీదికి దించింది, పరుగు నన్ను నాలోకి నడిపించింది, రెండూ ఓపిక నేర్పాయి అని కింద రాస్తాడు. హైదరాబాద్‌లోనూ, విశాఖలోనూ ఇదే మనిషి ఉన్నాడు. ఆ కప్పు మీద నాకు ఫిర్యాదు లేదు. దాని కింద రాసిన మాటల మీదే ఉంది.

ఎందుకంటే ఈ దేశంలో మట్టికీ పాదానికీ కలిపి ఒక చరిత్ర ఉంది. పీష్వాల పుణెలో అంటరాని మనిషి మెడలో మట్టి ముంత వేలాడదీసుకోవాలి, ఉమ్మి నేల మీద పడకుండా. నడుముకు చీపురు కట్టుకోవాలి, తన అడుగుజాడ తన వెనకే చెరిగిపోయేలా. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో దీన్ని గుర్తు చేశాడు. తెలుగు నేల మీద దళితవాడలు ఈ జ్ఞాపకాన్ని మూతికి ముంత, ముడ్డికి తాటాకు అన్న ఒక్క మాటలో దాచుకున్నాయి. అంటే కుండ ఎవరి నోటికి కట్టాలో, అడుగుజాడ ఎవరిది మిగలాలో, ఎవరిది చెరగాలో అధికారం నిర్ణయించిన దేశం ఇది. ఇవాళ అదే మట్టి కొందరికి ధ్యానం అయ్యింది. అదే అడుగుజాడ శాటిలైట్ మ్యాప్ మీద ఎర్ర గీతగా పడి, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో లెక్కతో సహా భద్రంగా ఉంటోంది.

అయితే కుండలు కుమ్మరులే చేయాలా, మిగతావాళ్లు సారె ముట్టకూడదా అని వెంటనే అడుగుతారు. కాదు. అలా అనేది మనువు, అంబేడ్కరిస్టులు కాదు. కులం పనిని పంచలేదు, పనిచేసేవాళ్లను విడగొట్టి మెట్ల మీద నిలబెట్టింది అన్నది అంబేడ్కర్ వాదన. పని పుట్టుకను బట్టి కాక ఇష్టాన్ని బట్టి రావాలన్నది దాని అర్థం. వజ్రాల వ్యాపారి కూతురు మట్టి పిసకడం ఆ లెక్కన మంచిదే. అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ తలుపు రెండు వైపులా తెరుచుకుందా? పైనుంచి కిందికి వచ్చి రెండు గంటలు ఆడుకుని పోవడానికి దారి పడింది. కిందినుంచి బయటికి పోవడానికి పడిందా? హాబీ అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు కింద పెట్టేయగల పని. కులవృత్తి అంటే కింద పెట్టడానికి వీల్లేని పని. మట్టి అదే, సారె అదే. తేడా అంతా ఆ కింద పెట్టే హక్కులో ఉంది.

ఆ హక్కుకు ముడిసరుకు మట్టి కాదు, గంటలు.

లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు అందరికీ సమానమే. మొదటిసారి 42.195 కిలోమీటర్లు పరుగెత్తాలనుకునే మనిషికి వారానికి ఐదారు గంటల పరుగు కావాలి, దానికి తగ్గ నిద్ర కావాలి, కండరాలు కోలుకునే తిండి కావాలి. మట్టి క్లాసుకు ఇంకో రెండు మూడు గంటలు. అంటే పదేసి గంటల ఖాళీ సమయం, దాని చుట్టూ విశ్రాంతి. ఇప్పుడు అదే సూరత్‌లో లింబాయత్ గల్లీల్లోకి రండి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి తరాలుగా వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. వీళ్లలో చాలామంది పద్మశాలీలు. ఊళ్లో చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. సిరిసిల్లలో దాన్ని సాంచా అంటారు. సూరత్‌లోనూ అదే మాట వినిపిస్తుంది. కులం ఇచ్చిన పని నుంచి బయటపడ్డామనుకుని రైలెక్కినవాళ్లు వెయ్యి కిలోమీటర్ల అవతల మళ్లీ ఆ పని ముందే నిలబడ్డారు. ఈసారి మగ్గం కూడా సొంతం కాదు.

సాంచా కార్ఖానాల్లో షిఫ్టు పన్నెండు గంటలు. పగలు పన్నెండు, రాత్రి పన్నెండు. కూలి గంటకు కాదు, మీటరుకు. కూర్చుంటే పోగు తెగుతుంది, పోగు తెగితే మీటరు పోతుంది, మీటరు పోతే కూలి పోతుంది. కాబట్టి ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి షిఫ్టు అంతా నడుస్తూనే ఉండాలి. ఆ నడక ఏ వాచీలోనూ నమోదు కాదు. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన కార్మికులు ఇంకా ఎక్కువ. వాళ్లు ఉండే గదుల్లో ఒక షిఫ్టువాడు లేస్తే ఇంకో షిఫ్టువాడు అదే చాప మీద పడుకుంటాడు. మోతకు చెవులు మొద్దుబారతాయి. చాలా యూనిట్లు ఫ్యాక్టరీల చట్టం కిందికే రాకుండా దుకాణాల చట్టం కింద నమోదై ఉంటాయి. వారానికి ఆరు రోజులైతే 72 గంటలు. ఏడు రోజులైతే 84. ఈ మనిషికి ఓపిక నేర్పడానికి మట్టి అక్కర్లేదు.

ఈ గంటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. చట్టాలతో తెచ్చుకున్నవి, చట్టాలతోనే పోగొట్టుకుంటున్నవి. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న కాలంలో తెచ్చిన సవరణతో 1946లో ఫ్యాక్టరీల్లో వారపు పని 54 గంటల నుంచి 48కి దిగింది. దాన్ని మనవాళ్లు పోస్టర్ల మీద వేస్తారు కానీ దాని అర్థాన్ని తక్కువగా మాట్లాడతారు. ఆ ఆరు గంటలు కూలివాడికి చదువుకోవడానికి, సభకు పోవడానికి, ఊరికే కూర్చోవడానికి దొరికిన గంటలు. హాబీ అనే మాటకు మన దేశంలో ఏదైనా ప్రజాస్వామిక పునాది ఉందంటే అక్కడే ఉంది.

ఇప్పుడు గుజరాత్ ఏం చేసిందో చూడండి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్యలో, సూరత్ మరమగ్గాల కార్మికులు మా ఊళ్లకు పంపండంటూ వీధుల్లోకి వచ్చారు. అదే నెల 17న రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చని, అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ కోర్టుకు పోయింది. మహమ్మారి పేరు చెప్పి కార్మికుడి హక్కు తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు ఆ ఏడాది అక్టోబర్ 1న కొట్టేసింది. ఐదేళ్లు తిరక్కుండానే, 2025 జూలైలో ఆర్డినెన్స్ తెచ్చారు, సెప్టెంబర్‌లో శాసనసభలో బిల్లు చేశారు. రోజుకు తొమ్మిది గంటల హద్దు పన్నెండుకు పెరిగింది. వారపు హద్దు 48 అలాగే ఉంది కదా అంటారు. మీటరు లెక్కన కూలి ఇచ్చే చోట వారపు హద్దును ఎవరు కొలుస్తారో చెప్పరు. తెలుగువాళ్లం దీన్ని గుజరాత్ మోడల్ అని తిట్టి ఊరుకోవడానికి వీల్లేదు. అదే 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ పది గంటల పనిదినానికి తలుపులు తీశాయి. పాలించే పార్టీలు వేరు, గంటల దగ్గర మాత్రం తేడా కనపడదు.

ఇక కుమ్మరి సంగతి. మన ఊళ్లలో పెళ్లి కావాలంటే కుమ్మరి ఇంటి నుంచి ఐరేని కుండలు రావాలి. బోనం ఎత్తాలంటే కుండ కావాలి. మనిషి పోతే శ్మశానంలో పగలగొట్టడానికి కుండ కావాలి. ఇంత అవసరమైన మనిషికి ఊరు ఇచ్చింది కళ్లంలో కొలిచిన నాలుగు కుంచాల గింజలు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అనే సామెత వాళ్ల బతుకు చూసి పుట్టిందే. చెరువు మట్టి తవ్వి, రాళ్లు ఏరి, తొక్కి, పిసికి, సారె మీద పెట్టి, చెక్కతో కొట్టి పలచన చేసి, ఆరబెట్టి, వాములో పేర్చి కాల్చడం వారాల పని. వాన పడితే మొత్తం పోతుంది. స్టూడియోలో ఈ పనిలో పది వంతుల్లో తొమ్మిది వంతులు కనపడదు. మట్టి ప్లాస్టిక్ సంచిలో మెత్తగా వస్తుంది, కాల్చే పని కరెంటు బట్టీ చేస్తుంది, కింద పడ్డ బురద ఇంకెవరో తుడుస్తారు. మిగిలిన ఒక వంతు, సారె తిరుగుతుంటే వేళ్ల మధ్య మట్టి లేచే ఆ క్షణం, అదే హాబీ.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. కుమ్మరి ఊరి బయటివాడు కాదు. మాల మాదిగల పట్ల అంటు పాటించిన శూద్ర కులాల్లో కుమ్మరి కూడా ఉన్నాడు. మెట్ల అసమానతలో పై మెట్టు చేత అణగారుతూనే కింది మెట్టును తొక్కడం ఉంటుంది, అందుకే ఆ కట్టడం ఇన్నేళ్లు కూలలేదు. కుమ్మరిని అమాయకపు గ్రామీణ కళాకారుడిగా చూపించే బొమ్మను నేను కొనను. ఆ బొమ్మ గీసేది కూడా స్టూడియోలే.

స్టూడియో పాటరీకి వంశవృక్షం ఉంది. మన దేశంలో దాన్ని గురుచరణ్ సింగ్ ఢిల్లీ నుంచీ, 1971లో మొదలైన పుదుచ్చేరి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ నుంచీ లెక్కిస్తారు. దాని తత్వం చాలావరకు జపాన్‌ది. 1920ల్లో యనగి సోయెత్సు, పేరులేని పనివాడు రోజువారీ వాడకం కోసం చేసిన వస్తువులోనే అసలైన అందం ఉందన్నాడు. మన స్టూడియోల్లో ఆ మాటను ముద్దుగా చెప్పుకుంటారు. కానీ మన దగ్గర పనివాడికి పేరు లేకపోవడం వినయం కాదు. మనిషికి పేరు లేదు, కులానికి మాత్రం ఉంది. పేరు మిగిలిన కవయిత్రికి కూడా కులాన్నే ముందు తగిలించాం. ఆమె ఇంటిపేరు ఆతుకూరి. మనం పిలిచేది కుమ్మరి మొల్ల అని. పోతన్ని ఎవరైనా కులం పేరుతో కలిపి పిలవగా విన్నారా?

అదే క్లాసుల్లో కిన్‌త్సుగి గురించి కూడా చెబుతారు. పగిలిన పాత్రను బంగారు పొడి కలిపిన లక్కతో అతికి, పగులునే అందంగా చూపించే జపాను పద్ధతి అది. జీవితంలో పగుళ్లను ప్రేమించాలట. మనుస్మృతి పదో అధ్యాయం తెరిస్తే చండాలుడు పగిలిన పాత్రల్లో తినాలని ఉంది. పగిలిన కుండతో తత్వం చెప్పే ప్రతి గదిలోనూ ఆ శ్లోకం గుర్తు చేయాలని నాకుంటుంది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో తగలబడ్డ పుస్తకం అదే.

గుజరాత్‌కి ఇది ఇంకా దగ్గరి విషయం. నవరాత్రుల్లో మధ్యలో పెట్టి చుట్టూ ఆడే గర్బో ఒక మట్టి కుండ. కుంభార్ చేసి, చిల్లులు పెట్టి ఇస్తాడు, లోపల దీపం వెలుగుతుంది. గర్బా నాట్యాన్ని 2023 డిసెంబర్‌లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. 2017 అక్టోబర్ 1న ఆనంద్ జిల్లా భద్రాణియా గ్రామంలో, గర్బా చూస్తున్నారన్న కోపంతో కొట్టారని, ఆ దెబ్బలకు 21 ఏళ్ల దళిత యువకుడు చనిపోయాడని పోలీసు ఫిర్యాదు చెబుతోంది. ఆడటానికి కూడా కాదు, చూడటానికి. వారసత్వం మానవాళిది, కుండ కుంభార్‌ది, ఆ కుండ చుట్టూ నిలబడే చోటు మాత్రం ఇంకొకరిది.

పరుగు దగ్గరికి వద్దాం. 2018 ఫిబ్రవరిలో సూరత్‌లో రన్ ఫర్ న్యూ ఇండియా మారథాన్‌ను ప్రధాని స్వయంగా జెండా ఊపి మొదలుపెట్టాడు. పరుగెత్తడానికి రోడ్డు శుభ్రంగా ఉండాలి. సూరత్ రోడ్లు శుభ్రంగా ఉంటాయి. స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానం. 1994 ప్లేగులో జనం లక్షల్లో పారిపోయిన ఊరు ఇది. ఆ తర్వాత ఊరిని శుభ్రం చేసిన ఘనత కమిషనర్ ఎస్.ఆర్. రావుకు దక్కింది, ఆయన పని చేశాడు కూడా. కానీ చీపురు పట్టినవాళ్ల పేర్లు ఏ కేస్ స్టడీలోనూ లేవు. మారథాన్ రోజున పరుగెత్తేవాళ్ల కంటే ముందు లేచి ఊడ్చేది వాళ్లే. చివరి రన్నర్ పోయాక రోడ్డు నిండా పడ్డ కాగితం కప్పులు ఏరేది వాళ్లే. పుణెలో నడుముకు కట్టిన చీపురు ఇక్కడ చేతికి వచ్చింది, అంతే.

ఈ దేశంలో అసలైన లాంగ్ డిస్టెన్స్ రికార్డులు మెడల్ లేనివాళ్లవి. 2020 ఏప్రిల్‌లో ములుగు వైపు మిరప తోటల్లో కూలికి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక, లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి, బీజాపూర్ వైపు అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా చనిపోయింది. దారి పొడవునా నీళ్ల టేబుళ్లు పెట్టినవాళ్లు లేరు.

ఇంకో నడక ఉంది. 2016 జూలైలో ఉనా దగ్గర చచ్చిన ఆవు చర్మం తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. దానికి జవాబుగా ఆగస్టు 5న అహ్మదాబాద్‌లో మొదలై 15న ఉనా చేరిన దళిత అస్మితా యాత్ర, వందల కిలోమీటర్ల ప్రయాణం. దాని డిమాండ్ ఏమిటి? మీ ఆవు తోక మీరే పట్టుకోండి, మాకు భూమి ఇవ్వండి అని. చచ్చిన పశువులను ఎత్తబోమని ఊరూరా ప్రమాణం చేశారు. నేను పైన అన్న హక్కు, పనిని కింద పెట్టేసే హక్కు, దాన్ని నడిచి సాధించుకునే ప్రయత్నం అది. సూరత్ జిల్లా మీదుగా పోయిన 1930 దండి యాత్ర ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. ఇది లేదు.

ఒంట్లో దమ్ము లేక మనవాళ్లు వెనకబడ్డారనుకునేవాళ్లకు 2014 మే 25 చాలు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి పద్నాలుగేళ్లు కూడా నిండని గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం దళిత బిడ్డ ఆనంద్ కుమార్ ఆ రోజు ఎవరెస్ట్ ఎక్కారు. ఆ పిల్లలకు ముందు దొరికింది ఏమిటి? మూడు పూటల తిండి, బూట్లు, శిక్షకుడు, కూలికి పోనక్కర్లేని గంటలు. పట్టుదల గురించి ఉపన్యాసాలు ఆ తర్వాతి సంగతి.

రాజ్యం మాత్రం ఈ గంటలను తిరగేసి పంచుతోంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. కుమ్మరి ఉన్నాడు, చాకలి ఉన్నాడు, మంగలి ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. డబ్బు అవసరమే, తీసుకునేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ షరతు చూడండి: కుటుంబం నుంచి వచ్చిన సంప్రదాయ వృత్తిలో ఉండాలి. తమిళనాడు దీన్ని ఉన్నదున్నట్టు అమలు చేయబోమని చెప్పడానికి కారణం ఉంది. ఆంధ్ర ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న 1953 జూన్‌లో రాజాజీ పల్లెటూరి పిల్లలకు పూట బడి, పూట తండ్రి పని అనే పథకం తెచ్చాడు. జనం దానికి కులవిద్య అని పేరు పెట్టి తిప్పికొడితే మరుసటి ఏడు రద్దయింది. ఆ ఆలోచన చావలేదని విశ్వకర్మ చూస్తే తెలుస్తుంది. కుమ్మరి బిడ్డ సారె దగ్గరే ఉండటానికి అప్పు, వజ్రాల వ్యాపారి బిడ్డ సారె దగ్గరికి వచ్చి పోవడానికి వీకెండ్ ప్యాకేజీ.

నూతన విద్యా విధానం 2020 చదవండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలంటుంది. ఆ జాబితాలో వడ్రంగి, తోటమాలి పక్కన కుమ్మరి పేరు రాసి మరీ ఉంది. స్థానిక నిపుణులను మాస్టర్ ఇన్‌స్ట్రక్టర్లుగా పెట్టుకోవచ్చని కూడా ఉంది. బాగుంది. ఆ పది రోజుల్లో కుమ్మరి సొంత కూతురు ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? ఆమెకు మట్టి పది రోజుల వింత కాదు. ఆమెకు కావాల్సింది లాయర్ దగ్గర పది రోజులు, ల్యాబ్‌లో పది రోజులు, స్విమ్మింగ్ పూల్‌లో పది రోజులు.

యూనివర్సిటీల్లో ఉన్న మనకు దీన్ని వ్యాసంగా చదివి పక్కన పెట్టే వీలు లేదు. ఇప్పుడు భారతీయ జ్ఞాన సంప్రదాయాల పేరుతో కోర్సులు వస్తున్నాయి, వాటిలో కుండ కూడా జ్ఞానమే అని పాఠాలు వస్తాయి. జ్ఞానమైతే దానికి ఆచార్య పదవి ఉండాలి. లలిత కళల, డిజైన్ విభాగాల్లో మట్టి ఎన్నాళ్లుగానో పాఠ్యాంశం. వడోదరలో ఎం.ఎస్. యూనివర్సిటీ లలిత కళల ఫ్యాకల్టీ 1950 నాటిది. మీ విభాగంలో సిరామిక్స్ బోధించే రెగ్యులర్ పోస్టుల్లో కుమ్మరి, కుంభార్ కులాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? సారె తిప్పి చూపించడానికి రోజు కూలి మీద పిలిచేవాళ్లు ఎంతమంది? అదే క్యాంపస్‌లో జరిగే పదికే, హాఫ్ మారథాన్‌ల రోజున రోడ్డు ఊడ్చేవాళ్లలో పర్మినెంట్ ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది, వాళ్ల షిఫ్టు ఎన్ని గంటలు? కేంద్ర నిబంధనల ప్రకారం ఆర్టీఐ దరఖాస్తు రుసుము పది రూపాయలు.